ఇరవై మూడో నంబరు మొక్క

ఆకులక్కకి ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు. మొదట్లో ఆవిడకి ఒళ్ళు మండేది. "నేనేమైనా ఆకులు అమ్ముకుంటున్నానా?" అని ఎదురుపడ్డవాళ్ళందరితో తగువు పెట్టుకునేది. పద్నాలుగేళ్ళు కావస్తుంటే ఇప్పుడు అసలు పేరుతో పిలిస్తేనే పలకదు. మొన్నామధ్య బ్యాంకులో పేరు పెట్టి మూడుసార్లు పిలిచినా కదలకపోతే, పక్కన కూర్చున్న మొగుడు మోచేత్తో పొడవాల్సి వచ్చింది.

అమ్మడం కాదు, ఆవిడ పని ఆకులు తేవడం. ఊరి చివర రాళ్ళు కొట్టడం మానేసిన పాత క్వారీ ఉంది. దాని వెనక ఒక వాలు. ఆ వాలంతా ఒకటే జాతి మొక్క. పేరు చెప్పుకోదగ్గది కూడా కాదు, తోటల్లో కనిపిస్తే పీకి పారేసే కలుపు. మోకాలెత్తు, బరకగా ఉండే ఆకు, ఎండలు మొదలయ్యే ముందు ఆవగింజంత తెల్లపూలు. అయితే దానికో విశేషం ఉంది. అది గింజలతో కంటే వేళ్ళతోనే ఎక్కువ పాకుతుంది. ఆ వాలు మీద ఉన్నవన్నీ ఒకే వేరునుంచి పుట్టుకొచ్చిన పిల్లలు, లోపలి జన్యువులు ఒక్క అక్షరం పొల్లుపోకుండా ఒకటే. మొక్కల పరిశోధన సంస్థవాళ్ళకి కావలసింది సరిగ్గా అదే. అందులోంచి నలభై మొక్కల్ని ఎంచి, ఒక్కోదానికి అల్యూమినియం బిళ్ళ మీద నంబరు కొట్టి, మెత్తటి తీగతో కట్టారు. ప్రతి మంగళవారం ఆ నలభై మొక్కలనుంచి తలా ఒక ఆకు ముక్క తెచ్చిపెట్టడానికి మనిషి కావాలన్నారు. జీతం అంతంతమాత్రం, ఎండా వానా తప్పదు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెనక్కి పోయారు. చివరికి ఆకులక్క మిగిలింది.

ఆ పని చెప్పినంత తేలిక కాదు. సరిగ్గా పన్నెండింటికి మొదలుపెట్టాలి, ఎందుకంటే మొక్క లోపలి వ్యవహారం పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉంటుందట. పైనుంచి మూడో ఆకే తీసుకోవాలి. పురుగు కొట్టింది పనికిరాదు. కాగితానికి కన్నాలు పెట్టే మిషన్లాంటిదానితో గుండ్రంగా ఒక్క ముక్క కత్తిరించి, నంబరు రాసి ఉన్న బుల్లి సీసాలో వేసి, వెంటనే ఫ్లాస్కులో ముంచాలి. ఆ ఫ్లాస్కులో ఉండేది నీళ్ళు కాదు, ద్రవంగా మార్చిన నత్రజని. మూత తీస్తే తెల్లగా పొగ చిమ్ముతుంది. వేలు తగిలిందో, తోలు ఊడొస్తుంది. ముక్క కత్తిరించిన క్షణంలో మొక్క ఎలా ఉందో అలాగే గడ్డకట్టుకుపోవాలి, అదీ లెక్క. తర్వాత రిజిస్టరులో నంబరు, టైము, ఎత్తు రాసి సంతకం పెట్టాలి. ఒంటిగంటన్నరకి డ్రైవరు జీపేసుకుని ఆకులక్క ఇంటికే వచ్చి ఫ్లాస్కూ రిజిస్టరూ పట్టుకుపోతాడు. శుక్రవారం ల్యాబుకి వెళ్ళి ఖాళీ సీసాలూ రిజిస్టరూ తెచ్చుకోవాలి.

ల్యాబు గుమ్మం పక్కన ఒక నల్లబోర్డు ఉంటుంది. మొదటి ఏడాది ఎవరో సరదాకి దాని మీద "తప్పని మంగళవారాలు" అని రాసి, కింద సుద్దతో 9 అని వేశారు. సీసాలు చేరినప్పుడల్లా ల్యాబు అటెండరు దాన్ని చెరిపి ఒకటి కలుపుతూ వచ్చాడు. యాభై దాటేసరికి సరదా పోయి మర్యాద వచ్చింది. మూడొందలు దాటాక సంస్థకి వచ్చిన పెద్దమనుషులకి మైక్రోస్కోపులకంటే ముందు ఆ బోర్డు చూపించడం మొదలుపెట్టారు. ఆకులక్క పెద్దగా చదువుకోలేదు. ఆవిడకి పతకాలూ పట్టాలూ ఏమీ లేవు. ఉన్నదల్లా ఆ అంకె. తన తల్లి చనిపోయిన వారం కూడా దహనం పొద్దున్నే అయిపోతే, పన్నెండింటికి వాలు మీదుంది. ఊరు ముక్కున వేలేసుకుంది. వేసుకోనీ అనుకుంది.

ఇక ఆవిడ మొగుడు. ఆయన దర్జీ. ఇంటి ముందుగదిలోనే మిషను, దాని పక్కన ఇస్త్రీ బల్ల, గోడకి తగిలించిన సగం కుట్టిన కోట్లు. మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. మనిషిని చూడగానే "నడుం ముప్పై నాలుగు" అని నోటితో అనేసి, ఆ తర్వాత టేపు పెట్టి నిరూపించడం ఆయనకి సంబరం. ఊళ్ళో ఆడవాళ్ళు ఈ కారణంగానే ఆయన షాపు ముందునుంచి కాస్త వేగంగా నడుస్తారు. ముప్పై ఏళ్ళలో ఒక్క కొలత తప్పలేదని ఆయన గొప్ప. మొత్తానికి ఆ ఇంట్లో ఇద్దరికీ చెరో గొప్ప ఉంది.

రెండేళ్ళ కిందటి చలికాలంలో, బోర్డు మీద 609 ఉన్నప్పుడు, ఆకులక్క స్నానాలగదిలో జారిపడి కుడికాలు మడమ పైన విరగ్గొట్టుకుంది. ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న కూతురే దగ్గరుండి పిండికట్టు వేయించింది. ఆరు వారాలు కాలు కింద పెట్టకూడదంది.

"ఆరు వారాలా? ఆరు మంగళవారాలే!" అని ఆకులక్క గుడ్లు తేలేసింది.

"ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పమ్మా. ఇంకెవర్నైనా పంపిస్తారు. ఇందులో పుట్టి మునిగేదేముంది?"

"పంపిస్తారు. పంపించి, బోర్డు తుడిచేస్తారు."

కూతురు తండ్రి వంక చూసింది. తండ్రి టేపు సర్దుకున్నాడు. "నేను వెళ్తాలేవే. ఆకు కత్తిరించడం కత్తెరపనేగా. కత్తెర నాకొకళ్ళు నేర్పాలా?" అన్నాడు.

అలా మొదలైంది. సోమవారం సాయంత్రం ఆకులక్క మంచం మీద కూర్చుని పాఠం చెప్పేది. వాలు బొమ్మ గీసి ఏ నంబరు ఎక్కడుందో చూపించేది. ఫ్లాస్కు మూత ఎటు తిప్పాలో, మొహం ఎంత దూరం పెట్టుకోవాలో పదిసార్లు చెప్పేది. మంగళవారం ఆయన మఫ్లరు చుట్టుకుని, శుక్రవారం ల్యాబునుంచి సీసాలతోపాటు తనే తెచ్చిపెట్టిన రిజిస్టరు చంకలో పెట్టుకుని వెళ్ళొచ్చేవాడు. డ్రైవరు వచ్చే వేళకి ఆవిడ్ని వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి, ఒళ్ళో నుంచి నేలదాకా కుట్టని తెర గుడ్డ పరిచి, చేతిలో సూది పెట్టేవాడు. పిండికట్టు గుడ్డ కింద దాగిపోయేది.

"ఏంటక్కా, ఈ మధ్య ఎప్పుడు చూసినా ఈ తెరే కుడుతున్నావు? సినిమాహాలుకా?" అని అయిదో వారం డ్రైవరు అడిగేశాడు.

"నీ నోటికి కుడుతున్నానురా," అంది ఆకులక్క. వాడు నవ్వుకుంటూ ఫ్లాస్కు ఎత్తుకుపోయాడు. రిజిస్టరులో ఆరు వారాలూ సంతకం ఆవిడే పెట్టింది. బోర్డు మీద 615 అయింది.

ఏడో మంగళవారం చేతికర్ర ఊతంగా తనే వాలెక్కింది. ఒకటినుంచి ఇరవై రెండుదాకా అన్నీ ఎక్కడివక్కడున్నాయి. ఇరవై మూడు దగ్గర ఒక పెద్ద బండరాయి ఉంది. బిళ్ళ ఆ రాయికి నీడవైపునున్న మొక్కకి కట్టి ఉంది. ఆకులక్క అక్కడ ఆగిపోయింది. ఇరవై మూడు రాయికి ఎండవైపు కదూ ఉండేది? మొదట్లో వంగి, మళ్ళీ పైకి లేచిన కాడ కదూ? ఎండవైపు చూస్తే అక్కడ మొక్కే లేదు, మంచుకి మాడిన రెండు పుల్లలు తప్ప. బిళ్ళ బిళ్ళే కదా, ఆరు వారాల్లో నేనే మర్చిపోయి ఉంటాను, అనుకుంది. పన్నెండేళ్ళు వారం వారం చూసిన మొక్కని ఆరు వారాల్లో మర్చిపోవడం ఎక్కడైనా ఉంటుందా? ఆ సంగతి ఆవిడకీ తెలుసు. కానీ ఇది అడగాలంటే ఆ ఆరు వారాల సంగతి ముందు చెప్పాలి. నీడవైపు మొక్కనుంచే మూడో ఆకు కత్తిరించి సీసాలో వేసింది. ఆ అనుమానాన్ని మింగేసింది.

ఎండలు వచ్చాక రాయికి ఎండవైపు పుల్లల మొదట్లోంచి చిగుళ్ళు లేచాయి. కాడ వంగి, మళ్ళీ పైకి లేచింది. ఆకులక్క అటు చూడకుండా నడవడం అలవాటు చేసుకుంది.

ఆ ఎండల్లోనే ల్యాబులోకి కొత్త పరిశోధకురాలు వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళ పిల్ల. గుండ్రటి కళ్ళద్దాలు, ఎప్పుడూ జేబులో మూడు పెన్నులు, వాటిలో ఒక్కటి కూడా రాయదు. మిగతావాళ్ళలా సీసాలు అందుకుని ఊరుకునే రకం కాదు. శుక్రవారం ఆకులక్క ఖాళీ సీసాల కోసం వస్తే, కూర్చోబెట్టి టీ ఇచ్చి, ఆ ఆకుల్ని ఏం చేస్తారో చెప్పేది. అంతకుముందు పన్నెండేళ్ళలో ఒక్కరు కూడా ఆవిడకి ఆ ముక్క చెప్పలేదు.

"మొక్క లోపల జన్యువులుంటాయక్కా. అవి మారవు. పుట్టినప్పుడెలా ఉన్నాయో పోయేదాకా అంతే. కానీ వాటి మీద రసాయనాల గుర్తులు పడతాయి. చలి వస్తే కొన్ని చోట్ల గుర్తులు పడతాయి, ఆ జన్యువు పని ఆపేస్తుంది. ఎండలొస్తే గుర్తులు చెరిగిపోతాయి, మళ్ళీ పని మొదలుపెడుతుంది. పూత ఎప్పుడు పుయ్యాలో మొక్కకి అలా తెలుస్తుంది."

ఆకులక్క టీ గ్లాసు కింద పెట్టింది. "దర్జీ సుద్దగీతలాగానా? గుడ్డ అదే గుడ్డ. ఎక్కడ మడవాలో, ఎక్కడ వదిలెయ్యాలో గీత చెప్తుంది. ఉతికితే గీత పోతుంది, గుడ్డ ఉంటుంది."

ఆ పిల్ల కుర్చీలోంచి లేచి నిలబడింది. "అక్కా, నేను మూడేళ్ళనుంచి ఇది జనానికి ఎలా చెప్పాలా అని చస్తున్నాను!"

అప్పటినుంచి ఎక్కడ మాట్లాడినా సుద్దగీత మాటే చెప్పేది, అది ఎవరి మాటో కూడా చెప్పేది. ఆకులక్కకి ఆ పిల్లంటే ప్రాణం లేచొచ్చేది. మొగుడు అది విని వారం రోజులు సుద్దముక్కని పూజించినంత పని చేశాడు.

ఆ ఏడాదీ, మరుసటి ఎండాకాలమూ గడిచి మళ్ళీ చలి మొదలైంది. బోర్డు మీద 713 ఉంది. ఒక శుక్రవారం ఆ పిల్ల ఆకులక్క చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. మొహం వెలిగిపోతోంది.

"నా థీసిస్ అయిపోయిందక్కా. ఇంకో ఇరవై రోజుల్లో పరీక్షకులొస్తారు. చూడు, ఇది నీ పద్నాలుగేళ్ళు."

తెర మీద నలభై గీతలు. ఫ్రీజరులో దాచిన పాత ముక్కలు కూడా తీసి లెక్కకట్టిందట. గీతలన్నీ చలికాలంలో పైకి లేస్తున్నాయి, ఎండాకాలంలో కిందికి దిగుతున్నాయి. ఏడాదికొక అల చొప్పున అన్నీ కలిసే కదులుతున్నాయి. ఒక్కటి మాత్రం, ఎర్రగీత, చివర్లో పైకి లేచి, ఎండలొచ్చినా దిగకుండా అక్కడే నిలబడిపోయింది. రెండు ఎండాకాలాలు దాటినా దిగలేదు.

"ఇదీ విశేషం. ముప్పై తొమ్మిది మొక్కలు చలిని మర్చిపోయాయి. ఇదొక్కటే మర్చిపోలేదు. ఉతికినా పోని గీతక్కా! జన్యువుల్లో తేడా ఉందేమోనని చూశాను. ఉండదు కదా, అన్నీ ఒకే వేరు పిల్లలు. అక్షరం తేడా లేదు. నా థీసిస్ అంతా దీని మీదే."

"ఎన్నో నంబరు?" అని అడిగింది ఆకులక్క. అడగక్కర్లేదు, అప్పటికే తెలిసిపోయింది.

"ఇరవై మూడు."

"ఎప్పట్నించి అలా ఉంది?"

ఆ పిల్ల వేలు పెట్టి చూపించింది. "ఇదిగో, ఆరొందల పదకొండో వారం. ఒక్కసారిగా ఎగిరింది చూడు."

అది మొగుడు వాలుకెళ్ళిన రెండో వారం. ఆకులక్క ఏదో అనబోయింది. ఆ పిల్ల కళ్ళద్దాల వెనక కళ్ళు చూసి అనలేకపోయింది. తలనొప్పిగా ఉందని చెప్పి లేచి వచ్చేసింది. గుమ్మం దగ్గర బోర్డు వంక చూడలేదు.

ఇంటికొచ్చేసరికి మొగుడు ఎవరిదో కోటు చేతులు విప్పుతున్నాడు. ఆవిడ చెప్పులు కూడా విప్పలేదు.

"ఏమండీ, నా కాలు విరిగినప్పుడు రెండో వారం ఇరవై మూడు దగ్గర ఏం చేశారు?"

"ఏం చేశాను? ఆకు కత్తిరించాను."

"నిజం చెప్పండి."

"నిజమే చెప్తున్నాను. బిళ్ళ ఊడి కింద పడి ఉంది. మొక్కని ఏ కుందేలో కొరికినట్టుంది, తీగ జారిపోయింది. రాయికి అటొకటి ఇటొకటి రెండున్నాయి. ఏది మనదో తెలీలేదు. అయితే నీ రిజిస్టరు చంకలో ఉందిగా. అందులో ఎత్తు రాసి ఉంది." ఆయన గొంతులో చిన్న గర్వం మొదలైంది. "టేపు తీసి రెండూ కొలిచాను. ఒకటి పొట్టిది, నాలుగు అంగుళాలు లేదు. రెండోది సరిగ్గా నువ్వు రాసిన కొలతే, ఒక్క నూలు అటూ ఇటూ కాదు. దానికి కట్టాను. చూశావా మరి!"

ఆకులక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. "కుందేలు కొరికిందన్నారుగా."

"అవును."

"కొరికిన మొక్క పొట్టిదవుతుందా, కాదా?"

ఆయన విప్పుతున్న కోటు చెయ్యి ఇస్త్రీ బల్ల మీద పెట్టేశాడు. ఆయన అన్నాళ్ళూ ఆ సంగతి చెప్పకపోవడం దాచిపెట్టి కాదు, చెప్పుకోవలసిన విషయంగా ఆయనకి తోచలేదు. కొలత సరిపోయింది, పని అయిపోయింది. ముప్పై ఏళ్ళుగా మనుషులు ఆయన దగ్గరికి వచ్చి కదలకుండా నిలబడితే కొలిచాడు. రెండు కొలతల మధ్య వారంలో ఎవరినీ ఎవరూ కొరుక్కుతినలేదు.

"ఇప్పుడేమైంది?" అన్నాడు మెల్లగా. ఆవిడ చెప్పింది. ఆయన మెడలోని టేపు తీసి, చుట్టచుట్టి, మిషను సొరుగులో పడేసి సొరుగు మూశాడు.

మంగళవారం ఆకులక్క పన్నెండింటికి వాలు మీదుంది. ఇరవై మూడు దగ్గరికి వచ్చాక, రెండేళ్ళలో మొదటిసారి, రాయికి ఎండవైపు వంగి చూసింది. ఆ మొక్క ఉంది. బాగానే ఉంది. కాడ వంగి, మళ్ళీ లేచి, ఆకులు కాస్త ఎర్రబడి. మిగతా ముప్పై తొమ్మిది మొక్కలు ఎలా చలికి సిద్ధమవుతున్నాయో అదీ అలాగే సిద్ధమవుతోంది. రెండేళ్ళు ఎండకి ఎండి, వానకి తడిసి, చలికి ముడుచుకుని చేసిన పనంతా చేసింది. అడిగినవాళ్ళు లేరు, రాసుకున్నవాళ్ళు లేరు. నీడవైపు మొక్కని చూసింది. వేళ్ళ దగ్గర మట్టి మీద చెయ్యి పెడితే జివ్వుమంది. ఏడాది పొడుగునా అక్కడికి ఎండ రాదు. అది చలిని మర్చిపోకపోవడం కాదు, దానికి చలి తీరిందే లేదు. ఆ మాత్రం సంగతి తెలియడానికి థీసిస్ అక్కర్లేదని ఆకులక్కకి అనిపించి, తన మీద తనకే అసహ్యం వేసింది.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. జన్యువులు ఒకటే, బిళ్ళ ఉంది, సంతకం ఉంది. పిల్ల డాక్టరమ్మ అయిపోతుంది. బోర్డు వెయ్యి దాటుతుంది. చెప్తే బోర్డూ పోతుంది, పిల్లా పోతుంది. ఆ వారమంతా ఆకులక్క తేలు కుట్టిన దొంగలా ఇంట్లో తిరిగింది. శుక్రవారం పొద్దున్న లేచి, ఆరు వారాల సంతకాలున్న పాత రిజిస్టరు కావాలని అటెండరు దగ్గర అడిగి తీసుకుని, ఆ పిల్ల బల్ల మీద పెట్టింది. నిలబడే అంతా చెప్పింది. కాలు, తెరగుడ్డ, బిళ్ళ, టేపు. ఏడో వారం తనకి అనుమానం వచ్చిన సంగతి కూడా చెప్పింది. అది చెప్పకుండా దాటెయ్యొచ్చు, మొగుడి మీదకి నెట్టేసి ఊరుకోవచ్చు. కానీ చెప్పింది.

ఆ పిల్ల రిజిస్టరు పేజీలు తిప్పి ఆరు సంతకాలూ చూసింది. తర్వాత కళ్ళద్దాలు తీసింది.

"రెండేళ్ళక్కా! రెండేళ్ళు నేను పక్క మొక్క గురించి పుస్తకం రాశాను. ఏడో వారమే నీకు తెలుసు. ప్రతి శుక్రవారం ఇక్కడ కూర్చుని నాతో టీ తాగావు."

"అవునమ్మాయ్."

"వెళ్ళిపో. ఇప్పుడు నాతో మాట్లాడకు."

ఆకులక్క వెళ్ళిపోయింది.

సోమవారం సంస్థ పెద్దాయన పిలిపించాడు. పెద్ద గది, పెద్ద బల్ల, బల్ల మీద మూసిన ఫైలు. ఒక పక్కన ఆ పిల్ల కూర్చుని ఉంది, తలెత్తలేదు. ఆకులక్క వెనకే, రావద్దన్నా వినకుండా, మొగుడు వచ్చాడు. సొరుగులో పడేసిన టేపు మళ్ళీ మెడలోకొచ్చింది.

"సార్, తప్పు ఈవిడది కాదు. కొలిచింది నేను," అన్నాడు గుమ్మంలోనే.

"మీరెవరండీ?"

"దర్జీనండి." ఆ మాటతో అంతా తేలిపోతుందన్నట్టు నిలబడ్డాడు. పెద్దాయన కోప్పడాలో నవ్వాలో తెలియక కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"మీరు చెప్పకపోతే ఇది బయటపడేది కాదు. తెలుసా?" అని ఆకులక్కని అడిగాడు.

"తెలుసు సార్."

"మరెందుకు చెప్పారు?"

ఆకులక్కకి గొప్ప మాటలు రావు. "ప్రతి వారం దాని పక్కనుంచే పోతున్నాను సార్. ఇక పోలేను," అంది.

పెద్దాయన ఫైలు తెరిచాడు. ఉద్యోగంలోంచి తీసెయ్యడానికి నిబంధనలు ఒప్పుకుంటాయని, ఇన్నేళ్ళ పని చూసి తియ్యడం లేదని, హెచ్చరిక కాగితం ఇస్తున్నానని, ఇకమీదట వాలు మీదకి వేరే మనిషిని పంపిస్తామని, ఆకులక్కకి సీసాలు కడిగే గదిలో పని ఇస్తామని చెప్పాడు. మర్యాదగానే చెప్పాడు. ఆకులక్క తలూపింది.

"ఆవిడ్ని మార్చొద్దు సార్," అంది ఆ పిల్ల, తల దించుకునే.

"నువ్వంటున్నావా? నిన్ను నట్టేట ముంచిందమ్మా ఈవిడ."

"ముంచింది. నేను పరీక్షకులకి రాసేశాను, ఇంకో ఏడాది కావాలని. రెండు మొక్కలూ పక్కపక్కన పెట్టి మళ్ళీ ఒక చలి, ఒక ఎండ చూడాలి. నీడలో ఉన్నదానికి గుర్తులు ఎందుకు పోవట్లేదో అది కూడా చూడాలి." గొంతు గట్టిగానే ఉంది. "అసలు ఇరవై మూడు ఏదో ఈ భూమ్మీద ఆవిడకి తప్ప ఎవరికీ తెలీదు. మిగతా నంబర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చెప్పగలిగింది కూడా ఆవిడే. ఇప్పుడు కొత్త మనిషిని పంపిస్తే నా ఏడాది కూడా పోతుంది."

అందులో ప్రేమ లేదు, జాలి లేదు. లెక్క ఉంది. ఆకులక్కకి అదే నయమనిపించింది. పెద్దాయన కాసేపు ఫైలు అట్టని వేళ్ళతో కొట్టి, హెచ్చరిక కాగితం ఒక్కటీ ఉంచి మిగతాది కొట్టేశాడు. దర్జీ వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, "సార్, మీ కోటు భుజం అర అంగుళం జారింది. పంపించండి, చేసిపెడతాను," అన్నాడు. ఆకులక్క ఆయన్ని చొక్కా పట్టుకుని బయటికి లాగింది.

మర్నాడు మంగళవారం. నలభై ఒక్క ముక్కలు. ఎండవైపు మొక్కకి పాత బిళ్ళ తిరిగి కట్టింది. నీడవైపుదానికి కొత్త బిళ్ళ, నలభై ఒకటి. రిజిస్టరులో ఇరవై మూడు ఎదురుగా, "ఇది అసలుది" అని రాసి సంతకం పెట్టింది.

శుక్రవారం ల్యాబుకి వెళ్ళింది. గుమ్మం పక్కన బోర్డు మీద 715 ఉంది. అటెండరుకి ఎవరూ ఏమీ చెప్పినట్టు లేదు, ఎప్పటిలాగే ఒకటి కలిపాడు. ఆకులక్క సంచి కింద పెట్టి, చేతిగుడ్డ తీసి, అంకె తుడిచేసింది. పద్నాలుగేళ్ళ సుద్ద. తుడిచినా ఆ చోట తెల్లగా మరక మిగిలింది. సుద్దముక్క తీసుకుని, మరక మీద 1 అని వేసింది.

"ఆరు తీసేస్తే సరిపోయేది కదా?"

వెనక ఆ పిల్ల నిలబడి ఉంది, చేతిలో సీసాల ట్రే. వారం రోజుల తర్వాత ఆవిడతో మాట్లాడిన మొదటి మాట అది.

"ఆ ఆరూ కాలు విరిగి తప్పినవమ్మాయ్. తర్వాతవన్నీ తెలిసి తప్పినవి," అంది ఆకులక్క.

ఆ పిల్ల బోర్డు వంక చూసింది, ఆవిడ చేతికంటిన సుద్ద వంక చూసింది. ట్రే ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. లోపలికి రెండడుగులు వేసి ఆగింది.

"భోంచేశావా అక్కా?" అంది, వెనక్కి తిరక్కుండానే.

పెద్దాయన గదిలో రాని ఏడుపు ఆకులక్కకి అప్పుడొచ్చింది.